ఎవరి ఎడమ

ఆ వానాకాలం మా ఇంట్లో కాలు పెట్టే చోటుండేది కాదు. ముందు గదిలో బొమ్మ విమానం ఒళ్ళు, వెనక గదిలో దాని రెక్క, మధ్యలో ఒళ్ళు దగ్గరపెట్టుకుని తిరుగుతూ మేం ముగ్గురం, నేనూ, మా ఆయనా, ఆయన్ని కన్న మావయ్యా. ఎక్కడ చూసినా తెల్లటి పొట్టే. కంచంలో పొట్టు, దుప్పట్లో పొట్టు, మావయ్య కనుబొమల్లో పొట్టు. "చీదితే కూడా థర్మోకోలే వస్తోంది, ఇది ఇల్లా ఫ్యాక్టరీయా?" అని ఆయన రోజూ సణిగేవారు. ఆ సణుగుడు వింటుంటే నాకు ప్రాణం లేచొచ్చేది. అంతకు ముందు కొన్నాళ్ళుగా మా ఇంట్లో సణిగేవాళ్ళు కూడా లేరు మరి.

మా ఆయన క్రేన్ ఆపరేటర్. కట్టే భవనాల పక్కన ఆకాశంలోకి లేచి ఉంటుందే, ఆ క్రేన్. పైన గాజు గదిలో కూర్చుని రెండు చేతులూ రెండు లీవర్ల మీద పెట్టుకుని నడపాలి. క్రేన్ ఎటు తిరిగితే గది అటే తిరుగుతుంది, గదిలో మనిషీ అటే తిరుగుతాడు. కింద నిలబడి, బరువు ఎటు పోవాలో వైర్‌లెస్ సెట్లో చెప్పే మనిషి ఆయన స్నేహితుడు. సెట్లు రాకముందు ఆ పని జెండాలు ఊపి చేసేవాడట. జెండాలు పోయినా పేరు పోలేదు. అందరికీ అతను జెండా, నాకు జెండా అన్నయ్య.

ఎండాకాలం చివర్లో ఒకరోజు జెండా సెట్లో "ఎడమకి, ఎడమకి" అన్నాడు. మా ఆయన ఎడమకి తిప్పాడు. గాల్లో వేలాడుతున్న ఇనుపకడ్డీల కట్ట వెళ్ళి పరంజాని కొట్టింది. పైనుంచి పలకలు కూలి జెండా కాలు విరిగింది. విచారణ జరిగింది. వాళ్ళ పనిలో రూలు ఒకటే. ఎడమ అంటే పైన కూర్చున్నవాడి ఎడమ. జెండా క్రేన్‌కి ఎదురుగా నిలబడి తన ఎడమ చెప్పాడు. "తప్పు నాదే" అని ఆసుపత్రి మంచం మీదే ఒప్పుకున్నాడు. మా ఆయన్ని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు.

అయినా మర్నాడు ఆయన క్రేన్ నిచ్చెన దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాడు. ఆ మర్నాడూ అంతే. "చెయ్యి లీవరు మీద నిలవడం లేదు" అన్నాడు. ఆపైన నోరు విప్పలేదు. కంపెనీవాళ్ళు మంచిగానే చెప్పారు. వానల్లో గాలికి ఎలాగూ ఎత్తు పనులు ఆగుతాయి, వానలు తగ్గేదాకా చూస్తాం, అప్పటికీ రాకపోతే ఆ గదిలో ఇంకొకణ్ణి కూర్చోబెడతాం అని. ఆ గదిలోకి ఇంకొకడు ఎక్కితే మా ఆయన ఇక ఎప్పటికీ ఎక్కడు. ఇది నాకు తెలుసు, మావయ్యకీ తెలుసు. తన చేతుల్ని తనే నమ్మని మనిషి పక్కన బతకడం ఎలా ఉంటుందో చెప్పలేను. గ్లాసు అందించాలన్నా భయమేసేది.

విమానం గొడవ నా పని వల్ల వచ్చింది. నాది అక్షరాల పని. కొట్ల బోర్డులకీ సభల వేదికలకీ, కాలే తీగతో ఫోము అక్షరాలు కోసిస్తాను. ఒక కొట్టువాళ్ళు బోర్డు మీదకి పెద్ద విమానం బొమ్మ కావాలన్నారు. తీరా సగం కోశాక వద్దన్నారు. అరికాలి మంట నెత్తికెక్కి ఆ పలకలన్నీ విరిచి పారేయబోతుంటే మా ఆయన వచ్చి పట్టుకున్నాడు.

"ఉండు. ఇది ఎగురుతుందేమో."

"బోర్డు బొమ్మ ఎగరడమేంటండీ?"

"ఇది కాదు. దీంతో చేసేది."

ఎన్నాళ్ళకో ఆయన నోట్లోంచి రేపటి గురించి ఒక మాట వచ్చింది. నేను పారేస్తానా? బొమ్మ విమానాల భాగాలు అమ్మే కొట్టుకి ఇద్దరం వెళ్ళాం. మోటారు, బ్యాటరీ, రెక్కల అంచుల్ని కదిపే చిన్న చిన్న మోటార్లు ఆయన చూసుకుంటుంటే, నేను రిమోటు చూస్తూ నిలబడిపోయాను. దాని మీద రెండు పుల్లలున్నాయి. ఎడమ చేతికొకటి, కుడి చేతికొకటి. చిన్నవే, కానీ లీవర్లే. ఎలాగోలా ఆ చేతులు వాటి మీద పడాలి. నాకు కావలసింది అదొక్కటే, ఎగిరినా ఎగరకపోయినా.

కర్ర ఊతంతో నడవడం మొదలుపెట్టగానే జెండా మా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. మొదటిసారి వచ్చినప్పుడు మా ఆయన విమానం ముక్కు గుండ్రంగా చెక్కుతున్నాడు. వీధిలో కర్ర టకటక వినబడగానే చాకు కిందపెట్టి వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

"లోపల ఉన్నాడా?" అన్నాడు జెండా.

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "ఉన్నారు అన్నయ్యా."

"ఉండనీ" అని చతికిలబడి, మా ఆయన సగంలో వదిలేసిన ముక్కు అందుకుని గరుకు కాగితంతో రుద్దడం మొదలుపెట్టాడు. చీకటి పడేముందు లేచి వెళ్ళిపోయాడు. అప్పుడు మా ఆయన బయటికొచ్చి, ఆ ముక్కు మీద వేలితో రాసి చూశాడు. మళ్ళీ చాకు ముట్టుకోలేదు. ఇంక చెక్కాల్సిన అవసరం లేనంత నున్నగా వచ్చింది.

అలా ఇద్దరూ ఒకే విమానం చేశారు, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా. కర్ర చప్పుడు వినబడితే ఒకడు లోపలికి, ఇంకొకడు ముందు గదిలోకి. మధ్యలో నేను నిప్పుల మీద నడిచినట్టు నడిచేదాన్ని. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"అన్నయ్యా, ఆయన ఇలా మొహం చాటేస్తుంటే మీకు ఒళ్ళు మండదా?"

"మండుతుంది. అయినా వస్తా. వాడు మాట్లాడేదాకా వస్తూనే ఉంటా. నాకు మాత్రం వేరే పనేముంది, కుంటుకుంటూ తిరగడం తప్ప?"

రెక్క మా మంచం కన్నా పొడుగు. అంత రెక్క ఫోముతోనే నిలబడదు, లోపల సన్నటి కర్ర బద్దె పెట్టాలి. మావయ్య వడ్రంగి. ఆ బద్దె మాత్రం తనే చేస్తానన్నారు, చేశారు కూడా. చిత్రిక పట్టి పట్టి, ఎండలో పెట్టి, కంటికి ఆనించి వంకర చూసి, మళ్ళీ చిత్రిక పట్టి. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది.

"మావయ్యా, అతికించడం నేను చూసుకుంటా. మీ డబ్బా జిగురు దీనికి పనికిరాదు" అని ముందే చెప్పాను. పెడచెవిన పెట్టారు. ఈ చేత్తో ఎన్ని తలుపులు అతికించానో, ఒక్కటి ఊడిందా అని ఆయన ధీమా. నేను అక్షరాలు ఇచ్చి వచ్చేసరికి రెక్క బల్ల మీద ఉంది. మావయ్య పక్కనే చేతులు గాల్లో పెట్టుకుని నిలబడి ఉన్నారు. ఘాటు వాసన. రెక్క లోంచి సన్నగా చిటపటమని చప్పుడు.

"అమ్మాయ్" అన్నారు, "ఇది తినేస్తోందే!"

వడ్రంగుల జిగురు చెక్కని పట్టుకుంటుంది, ఫోముని కరిగించేస్తుంది. చూస్తుండగానే బద్దె చుట్టూ గుంటలు పడి, రెక్క మధ్యలో కుంగి, కిందికి జారిపోయింది. నేను ఒంటికాలి మీద లేచాను. పెద్దాయనని కూడా చూడకుండా నోటికొచ్చినట్టు మాట్లాడాను. మా ఆయన లోపలినుంచి వచ్చి చూశాడు. అరుస్తాడనుకున్నాను, అరిచినా బాగుండేది. రెక్కని ఒకసారి ముట్టుకుని వెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిచ్చెన దగ్గర్నుంచి వెనక్కి వచ్చిన రోజున కూడా అచ్చం ఇలాగే పడుకున్నాడు.

మావయ్య బయట అరుగు మీద కూర్చున్నారు.

ఆ సాయంత్రమే సైటు నుంచి ఫోను. వానలు తగ్గుముఖం పట్టాయి, వచ్చే సోమవారం క్రేన్ ఎక్కాలి, మీవాడు వస్తున్నాడా లేదా అని. ఒక్క మాట చెప్పండి చాలు అన్నారు. ఆ ఒక్క మాట నా దగ్గర లేదు. కనుక్కుని చెప్తాను అని పెట్టేశాను.

మర్నాడు జెండా వచ్చాడు. కరిగిన రెక్క చూశాడు, అరుగు మీద మావయ్యని చూశాడు, మూసి ఉన్న తలుపు చూశాడు. "కొత్త పలక ఉందా చెల్లెమ్మా?" అన్నాడు. ఉంది. నేను ఒక చివర, అతను ఒక చివర కాలే తీగ పట్టుకుని మళ్ళీ కోయడం మొదలుపెట్టాం. ఇద్దరం ఒకే వేగంతో లాగాలి. ఒకళ్ళు తొందరపడినా రెక్క వంకర పోతుంది. ఊపిరి బిగబట్టి లాగుతుంటే తలుపు వెనకనుంచి గొంతు వినిపించింది.

"నాన్నా, ముందంచు ఇంకా గుండ్రంగా ఉండాలని చెప్పు."

మావయ్య అరుగు మీదనుంచి తల తిప్పారు. జెండాకి వినబడిందని అందరికీ తెలుసు.

"గుండ్రంగా ఉండాలట" అన్నారు మావయ్య.

"ఎంత గుండ్రంగా అని అడగండి బాబాయ్."

"ఎంత గుండ్రంగారా?"

"బొటనవేలంత."

"బొటనవేలంతట. ఒరేయ్, నేనేమన్నా సెట్టునా మీ ఇద్దరి మధ్య? గొంతులున్నాయి, చెవులున్నాయి, మాట్లాడుకోండి!"

నవ్వొచ్చి నా చెయ్యి కదిలింది, రెక్క చివర చిన్న గీత పడింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు. అయినా ఆ రోజు సాయంత్రానికి కొత్త రెక్క వచ్చింది. ఈసారి బద్దె పెట్టడానికి మావయ్య నన్ను పిలిచి, "నీ జిగురు నువ్వే పూయమ్మా" అని దూరంగా నిలబడ్డారు.

విమానం బరువు ఎక్కడ సరితూగుతుందో చూడడానికి మా ఆయన దాన్ని తాడు కట్టి దూలానికి వేలాడదీశాడు. ఆ పని ఆయనకి ఎవరూ నేర్పక్కర్లేదు. తాడు కొంచెం ముందుకి, కొంచెం వెనక్కి, బ్యాటరీ అరచెయ్యంత ముందుకి జరిపి, వదిలేశాడు. అది కదలకుండా నిలిచింది. వేలాడే బరువు కింద నిలబడి ఆయన పైకి చూస్తుంటే నేను ఆయన చేతులు చూస్తున్నాను. వణకడం లేదు.

కానీ అసలు చిక్కు వేరే ఉంది. పెద్దది కట్టేముందే ఆయన చిన్న విమానం ఒకటి కొని మా వీధి చివర ఖాళీ జాగాలో నేర్చుకున్నాడు. అది దూరంగా వెళ్తున్నంతసేపూ బాగానే నడిపేవాడు. మలుపు తిరిగి తనవైపు రావడం మొదలెట్టిందా, అంతే. ఎదురుగా వచ్చే విమానానికి ఎడమ అంటే మనకి కుడి. గాజుగదిలో కూర్చుని క్రేన్‌తో పాటే తిరిగిన మనిషికి అది లొంగలేదు. అటు నెట్టాల్సింది ఇటు నెట్టేవాడు, విమానం ముక్కు నేలలో దిగబడేది. బొమ్మ విమానాల కొట్టువాడు నవ్వి, కొత్తలో అందరికీ ఇంతే, అలవాటవుతుంది అన్నాడు. అందరిలా నవ్వుకోగలిగితే మా ఆయనకి ఆ బాధే లేకపోను. ముక్కు పగిలినప్పుడల్లా ఆయన మొహం పాలిపోయేది. అలవాటు లేకపోవడం వల్లే అనుకున్నాను.

సోమవారం ఇక ఎంతో దూరం లేదనగా, ఒక ఉదయం ఆకాశం తేటపడింది. పెద్ద విమానాన్ని రెండు ముక్కలు చేసి ఆటోలో ఎక్కించుకుని ఊరి చివర మైదానానికి వెళ్ళాం. తీరా చూస్తే జెండా మాకన్నా ముందే వచ్చి కర్ర నేలకి ఆనించి నిలబడి ఉన్నాడు. కబురు ఎవరు చేశారో నాకు తెలుసు. మావయ్య ఆకాశం వైపు చూస్తున్నారు, అక్కడేదో ఉన్నట్టు.

మా ఆయనకి దాక్కోవడానికి అక్కడ తలుపు లేదు. జెండా వైపు చూడకుండా రెక్క బిగించాడు, బ్యాటరీ పెట్టాడు, రిమోటు మెడలో వేసుకున్నాడు. నేను ఫోనులో అలారం పెట్టుకుని నిలబడ్డాను. అది మోగేలోపు విమానం దిగాలి. మోగాక బ్యాటరీ ఎంతసేపు ఉంటుందో చెప్పలేం.

మోటారు గుయ్యిమంది. నేల మీద పరుగెత్తి, రెండుసార్లు ఎగిరెగిరి పడి, అది లేచింది. "లేచిందే! లేచిందే!" అని మావయ్య కేక పెట్టారు. తెల్లటి రెక్క మీద ఎండ పడి, మా మంచం కన్నా పొడుగున్న ఆ రెక్క చిన్నదవుతూ వెళ్ళింది. నాకు ఏడుపొచ్చింది. మా వంటగది పక్కన పడి ఉన్న ఫోము అది.

అది చివరికంటా వెళ్ళి, మలుపు తిరిగి, మావైపు రావడం మొదలుపెట్టింది. గాలి ఒక్క తోపు తోసింది. ఒక రెక్క కిందికి వాలింది. మా ఆయన బొటనవేలు కదిలింది, రెక్క ఇంకా వాలింది. వేలు ఆగిపోయింది. నేను చూస్తూనే ఉన్నాను, పుల్ల మీద ఆ వేలు బిగుసుకుపోయింది. విమానం పక్కకి ఒరిగి కిందికి జారుతోంది. "అటు! అటు తిప్పండి!" అని అరిచాను. ఎటో నాకే తెలియదు.

జెండా తన కర్ర వదిలేసి, కుంటుతూ వచ్చి మా ఆయన వెనక నిలబడ్డాడు. ఎడమ అనలేదు, కుడి అనలేదు. ఆయన కుడి భుజం మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కాడు.

వేలు కుడికి కదిలింది. రెక్క నెమ్మదిగా లేచింది. విమానం మా తలల మీదుగా, దాని చక్రాలు కనబడేంత దగ్గరగా వెళ్ళిపోయింది. జెండా చెయ్యి తియ్యలేదు. మళ్ళీ మలుపు, మళ్ళీ ఎదురు, ఈసారి ఎడమ భుజం. ఇద్దరూ ఒకే వైపు చూస్తూ, ఒకడి వెనక ఒకడు నిలబడి ఉన్నారు. వాళ్ళ పనిలో వాళ్ళు అలా నిలబడింది ఎన్నడూ లేదు.

"ఒరేయ్" అన్నాడు మా ఆయన, కళ్ళు పైన పెట్టే. "ఆ రోజు నువ్వు చెప్పింది నీ ఎడమేనని నాకు తెలుసు."

నా చేతిలో అలారం మోగింది. ఎవరూ వినలేదు.

"పొద్దున్నే సెట్లో అందరికీ వినబడేలా వెక్కిరించావు, ముసలాడా పైన నిద్రపోతున్నావా అని. ఒళ్ళు మండింది. రూలు ప్రకారం నా ఎడమకే తిప్పుతా, తప్పు చెప్పానని వీడికే తెలిసొస్తుంది, తగిలేముందు ఆపేస్తా అనుకున్నా. ఆపలేకపోయా."

పైన మోటారు చప్పుడు సన్నబడుతోంది.

"తెలుసు" అన్నాడు జెండా. "ముందు దాన్ని దించు."

మా ఆయన దించాడు. ఎదురుగానే దించాడు, తనవైపు వస్తున్నదాన్ని, భుజాల మీద జెండా చేతులతో. చక్రం ఒకటి ఊడి ఎటో దొర్లిపోయింది. విమానం బురదలో బొక్కబోర్లా జారి, మా కాళ్ళకి కొంచెం దూరంలో ఆగింది. ఎవరూ దాని దగ్గరకి వెళ్ళలేదు.

"తెలుసా? ఎప్పట్నుంచి?" అన్నాడు మా ఆయన. అప్పుడు తిరిగి చూశాడు జెండా మొహంలోకి.

"ఆ రోజునుంచే. ఇన్నేళ్ళలో నేను నా ఎడమ ఎన్నిసార్లు చెప్పలేదురా? నాకు ఆ రూలు ఎప్పుడు గుర్తుండి చచ్చింది? నేను తప్పు చెప్పినప్పుడల్లా నువ్వే సర్దుకుని కుడికి తిప్పేవాడివి. ఒక్క మాట అనేవాడివి కాదు. ఆ రోజు ఒక్కటే తిప్పలేదు."

"మరి తప్పు నీదని ఎందుకు చెప్పావు?"

"తప్పు చెప్పింది నేనే కదా. ఇంకేం చెప్పను?"

మా ఆయన నేల మీద కూలబడి, రిమోటు ఒళ్ళో పెట్టుకుని, పిల్లాడిలా ఏడ్చాడు. నేను దగ్గరకి వెళ్ళబోతే మావయ్య చెయ్యి పట్టుకుని ఆపారు. చేతులు చెడిపోయాయని ఇన్నాళ్ళూ నేను వాటినే చూస్తూ కూర్చున్నాను. వాటికి ఏ జబ్బూ లేదు.

సోమవారం ఆయన సైటుకి వెళ్ళాడు. క్రేన్ దగ్గరకి కాదు, ముందు ఆఫీసుకి. ఉన్నదున్నట్టు చెప్పేస్తానన్నాడు. చెబితే పైకి ఎక్కనివ్వరేమో అని నేనంటే, ఎక్కనివ్వకపోతే పోనీ అన్నాడు. జెండా గేటు దగ్గర కాచుకుని ఉంటానన్నాడు. నేను అక్షరాలు కోస్తూ వీధి వైపు చెవి వేసుకుని కూర్చున్నాను. ప్రతి అడుగు చప్పుడుకీ తీగ తడబడింది, ఆ రోజు కోసినవన్నీ వంకరే. మధ్యాహ్నం దాటింది. ఆయన రాలేదు.

సాయంత్రం వచ్చాడు, మోకాళ్ళ దాకా బురదతో.

"ఎక్కనిచ్చారా?" అన్నాను.

"లేదు. ఎన్నాళ్ళకి ఎక్కనిస్తారో తెలీదు. కింద నిలబెట్టారు, సెట్టు ఇచ్చి."

"జెండా అన్నయ్య?"

"నా పక్కనే. పొద్దున్నుంచీ పైనున్నవాడి ఎడమా కుడీ చెప్పలేక చచ్చాను. నాలుగుసార్లు నా ఎడమే చెప్పా."

"అయ్యో, మరి?" అన్నాను.

బూట్లు విప్పుతూ తలెత్తాడు. "పైన కుర్రాడు మంచోడు. సర్దుకున్నాడు" అన్నాడు.